కారు నేలకు అంటిన తారు

మీరు రేడియో వింటున్న గదిలో ఇనప బీరువా ఉంటే ఒక్కసారి లేచి దాని దగ్గరికి వెళ్లండి. తలుపు మధ్యలో వేలి కణుపుతో కొట్టండి. ఖంగుమంటుంది. ఇప్పుడు ఎడమ అరచేతిని తలుపుకు గట్టిగా ఆనించి, పక్కనే మళ్లీ కొట్టండి. దబ్బుమని ఆగిపోతుంది. రేకు అదే, దెబ్బా అదే. మధ్యలో మీ అరచెయ్యి ఆ రేకు వణుకును మింగేసింది. గుళ్లో పిల్లాడు గంట కొట్టి వెంటనే చేత్తో పట్టుకుంటే మోత చచ్చిపోతుంది చూడండి, అదీ ఇదే సంగతి.

పాత కార్ల నేల మీద ఆ అరచెయ్యి చేసే పనిని తారు షీటు చేసేది. యాభై అరవై ఏళ్ల తర్వాత ఆ బండిని మళ్లీ నిలబెట్టాలనుకున్నవాడికి మొదట అడ్డం పడేదీ ఆ తారు షీటే. దాన్ని ఎలా తీయాలి, ఎక్కడ తీయకూడదు అన్నదే ఈవేళ నా ప్రసంగం. ఇంజిను గురించి అడిగితే పది మంది చెబుతారు. నేల గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఎందుకంటే అది మ్యాట్ కింద ఉంటుంది, చుట్టాలొస్తే చూపించుకునేదీ కాదు.

నేను ఈ పని నేర్చుకున్నది మా పెదనాన్నగారి ఫియట్ మీద. 1967 నాటి 1100 డిలైట్. ఆయన డాక్టరు. ఆ రోజుల్లో మన ఊళ్లలో డాక్టరు గారంటే ఫియట్, కాంట్రాక్టరు గారంటే అంబాసిడర్. ఆయన పోయాక బండి పద్దెనిమిదేళ్లు రేకుల షెడ్డులో పడి ఉంది. దాని కింద పిల్లులు ఈనాయి, పైన వడ్లబస్తాలు పేర్చారు. నేను తాళం తీసుకునేనాటికి డ్రైవరు సీటు కింద నుంచి నేల మీది గడ్డి కనిపిస్తోంది.

అసలు ఈ తారు ఎందుకు వేశారో తెలిస్తే తీయడం సగం తెలిసినట్టే. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది, చూసే ఉంటారు. ఆ కాలపు బండికి చాసిస్ వేరు, దాని మీద కూర్చోబెట్టిన బాడీ వేరు. రోడ్డు అదుర్లన్నీ ముందు చాసిస్ భరించేది. ఫియట్ కంపెనీ 1950లో 1400 మోడల్‌తో, ఆ తర్వాత 1953లో 1100/103తో ఆ పద్ధతి వదిలేసింది. చాసిస్ ఉండదు. నేల, గుమ్మాలు, పక్కలు, పైకప్పు అన్నీ కలిపి వెల్డింగు చేసిన ఒకే పెట్టె. బండి తేలికైంది, గట్టిపడింది. కానీ పెట్టె మొత్తం డప్పులా మోగడం మొదలుపెట్టింది. ఇంజిను కొట్టుకోవడం, టైరు కింద కంకర, గేర్‌బాక్సు గురగుర, అన్నీ మిల్లీమీటరుకు అటూ ఇటూ మందం ఉన్న ఆ నేల రేకుకు చేరతాయి. మన డిలైట్ బొంబాయి కుర్లా ఫ్యాక్టరీలో తయారైనా పుట్టుక ఆ ఇటలీ బండిదే. అంబాసిడర్ కూడా ఈ పెట్టె జాతిదే.

డప్పు మోగకుండా ఉండాలంటే తోలుకు బరువైన, మెత్తని ముద్ద ఏదైనా అంటించాలి. ఫ్యాక్టరీల్లో తారులో రాతిపొడి లాంటివి కలిపి షీట్లు పోసి, కోసి, బాడీ నేల మీద పరిచేవాళ్లు. బాడీ రంగు ఆరబెట్టే కొలిమిలోకి వెళ్లినప్పుడు షీటు కరిగి, నేల మీది మిట్టపల్లాల్లోకి జారి, అంటుకుని, చల్లారి గట్టిపడేది. ఇక ఆ రేకు వణకబోతే దానితో పాటు తారు పొర కూడా సాగాలి, వంగాలి. ఆ సాగడంలో వణుకు కాస్తా వేడిగా మారి పోతుంది. చెయ్యి పెట్టి చూస్తే తెలియనంత కొద్ది వేడి. చాలామంది ఈ షీటు బయటి శబ్దాన్ని గోడలా ఆపుతుందనుకుంటారు. లోపలి రేకు మోగకుండా చూడటం వరకే దాని పని. షీటు పైన జనపనార పీచుతో చేసిన దట్టమైన పరుపు, దాని మీద రబ్బరు మ్యాట్. శబ్దాన్ని అడ్డగించేవి అవి.

మరి ఇంత మంచి వస్తువును తీయడం ఎందుకు? నీళ్ల వల్ల. ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు ఇరవై ఏళ్లకు ఎండి పగులుతుంది. వానకు అక్కడ నుంచి ఒక్కో చుక్కా డ్యాష్‌బోర్డు వెనక నుంచి దిగి, ఆ జనపనార పరుపులో చేరుతుంది. పరుపు తడిని వారాల తరబడి దాచుకుంటుంది. తారు షీటు అంచు ఎక్కడో ఒకచోట లేస్తుంది, నీరు దాని కిందకి పాకుతుంది. అక్కడికి ఎండ తగలదు, గాలి తగలదు. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి తుప్పే షీటును ఇంకాస్త పైకి లేపుతుంది. లేచినకొద్దీ నీరు, నీరు చేరినకొద్దీ తుప్పు. పైనుంచి చూస్తే తారు నున్నగా, నల్లగా, నిక్షేపంలా ఉంటుంది. కింద రేకు అప్పడం.

నా మొదటి తప్పు ఇక్కడే జరిగింది, దాచుకోవడం దేనికి? గ్రైండరుకు వైరు కప్పు తగిలించి నేరుగా తారు మీద పెట్టాను. పావుగంటలో అయిపోతుందనుకున్నాను. రాపిడి వేడికి తారు కరిగింది. కరిగిన తారును ఆ కప్పు నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ నలువైపులా చిమ్మింది. నా చొక్కా, నా కళ్లజోడు, స్టీరింగు, బండి పైకప్పు లోపలి వైపు, షెడ్డు గోడ మీది వెంకటేశ్వరస్వామి క్యాలెండరు. నేల మీది తారు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది, కాకపోతే పల్చగా, ఇంకా వెడల్పుగా పరుచుకుంది. తర్వాత కోపం వచ్చి ఉలి, సుత్తి అందుకున్నాను. నాలుగో దెబ్బకు ఉలి నేలలోంచి దిగి కింద మట్టిలో గుచ్చుకుంది.

అప్పుడు మా షెడ్డుకొచ్చిన ముసలి టింకరింగు మేస్త్రీ ఒకాయన, విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లు రేకులతోనే బతికిన మనిషి, నా అవతారం చూసి నవ్వలేదు. మోకాళ్ల మీద కూర్చుని, స్పానరు వెనక వైపుతో తారు మీద మెల్లగా కొట్టుకుంటూ పోయాడు. "వింటన్నారా సార్?" అన్నాడు. ఒకచోట దబ్బు, దబ్బు. రెండడుగుల అవతల డొల్ల మోత, ఎండు కొబ్బరికాయ కొట్టినట్టు. "డొల్లగా పలికిన చోట కిందంతా తుప్పే. అది మనం పీకకపోయినా అదే వచ్చేస్తది. దబ్బుమన్న కాడ రేకు బాగుంది, దాని జోలికి ఎందుకు?" అన్నాడు. సుద్దముక్కతో డొల్ల చోట్లన్నీ గీత గీసి చూపించాడు. చప్పుడు చంపడానికి వేసిన షీటు బాగోగులు చెప్పాల్సింది కూడా చప్పుడే.

ఆయన మాటను నేను సగం ఒప్పుకున్నాను. దబ్బుమన్న చోటల్లా వదిలేయవచ్చు గానీ, పక్కన వెల్డింగు పెట్టాల్సి ఉంటే కనీసం జానెడు మేర తారు తీసేయాలి. లేకపోతే వెల్డింగు వేడికి అది పొగలొచ్చి అంటుకుంటుంది. మొత్తం నేలను ఇనుము తేలేదాకా గీకి, అద్దంలా చేసి ఫొటో తీసుకునేవాళ్లున్నారు. అది వాళ్ల సరదా. గట్టిగా పట్టుకుని ఉన్న ఫ్యాక్టరీ పొర కింద రేకును అర్ధశతాబ్దం తుప్పు ముట్టలేదంటే, అంతకంటే మంచి రక్షణ మనం వేయగలమని నాకు నమ్మకం లేదు. పైగా 2021లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టరు చేయించాలంటే చాసిస్, బాడీ, ఇంజినులలో భారీ మార్పులు చేసి ఉండకూడదు. నేల మొత్తం కోసి కొత్తది వేసే పరిస్థితి తెచ్చుకోకుండా ఉండటమే మేలు.

పని మొదలుపెట్టే ముందు ఒక ముఖ్యమైన మాట. కొన్ని పాత బండ్ల పరుపుల్లో, తారు పొరల్లో ఆస్బెస్టాస్ పీచు కలిపేవాళ్లు. మన ఇళ్ల మీది సిమెంటు రేకుల్లో ఉండేది అదే. కంటికి కనబడదు, వాసన రాదు. పీల్చిన పీచు ఊపిరితిత్తుల్లో ఉండిపోయి ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత ప్రాణాంతకమైన జబ్బుగా బయటపడవచ్చు. అందుకని చిన్న ముక్కను తడిపి, కత్తిరించి, కవర్లో పెట్టి ల్యాబులో పరీక్ష చేయించండి. ఫలితం వచ్చేదాకా గ్రైండరు, ఉప్పుకాగితం, బ్లోయరు దగ్గరికి రానీయకండి. ఉందని తేలితే ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయండి. చేతిరుమాలు కట్టుకుని కానిచ్చేద్దాం అనుకోవద్దు, రుమాలు ఆ పీచును ఆపదు.

పరీక్షలో ఏమీ లేదని తేలిందనుకుందాం. ఇప్పుడు తీసే విద్య. తారు గుణం మనందరికీ తెలిసిందే. మే నెల మధ్యాహ్నం రోడ్డు దాటితే చెప్పుకు అంటుకుంటుంది. అదే పుష్యమాసపు తెల్లవారుజామున రాయిలా ఉంటుంది. మధ్యలో ఉన్నప్పుడు మాత్రం జిగటగా, మొండిగా, దేనికీ లొంగదు. మనం చేసే పొరపాటల్లా ఆ మధ్య స్థితిలో దానితో కుస్తీ పట్టడమే. వేడి చేసి మెత్తబరచాలి, లేదా చలికి పెళుసు చేయాలి. రెండింట్లో నాకు చలి నచ్చింది.

ఈ మధ్య పెళ్లిళ్లలో వధూవరులు వేదిక మీదికి నడిచొస్తుంటే కాళ్ల దగ్గర తెల్లని మేఘం పాకుతూ రావడం చూస్తున్నాం కదా, దానికి వాడేది డ్రై ఐస్. గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడు. సున్నాకు దిగువన 78 డిగ్రీల చల్లదనం. కరిగి నీరు కాదు, నేరుగా ఆవిరైపోతుంది. గింజల్లాగా ఉండేది తెచ్చి, పొడిగా తుడిచిన తారు షీటు మీద చేటలో బియ్యం పరిచినట్టు పరుస్తాం. మీద ఒక పాత గోనెపట్టా. ఇక చెవి ఒగ్గి కూర్చోవాలి.

రెండు మూడు నిమిషాలకు టిక్కుమని ఒక చప్పుడు. మరి కాసేపటికి ఇంకోటి. తర్వాత పెనం మీద ఆవాలు చిటపటలాడినట్టు వరసగా. ఏం జరుగుతోందంటే, చలికి ఇనుమూ ముడుచుకుంటుంది, తారూ ముడుచుకుంటుంది. కానీ తారు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ముడుచుకుంటుంది. సాగే గుణం అప్పటికే పోయింది కాబట్టి అంటుకున్న చోట తట్టుకోలేక విడిపోతుంది. పది పదిహేను నిమిషాలయ్యాక గింజలను పక్కకు జరిపి, రబ్బరు సుత్తితో ఒక్కటి వేస్తే షీటు పల్లీపట్టీలా ముక్కలవుతుంది. ఉలి అక్కర్లేదు, గోకడం అక్కర్లేదు. ముక్కలను చేత్తో ఏరుకోవడమే. వేడెక్కితే మళ్లీ జిగట మొదలవుతుంది కాబట్టి ఒకసారికి రెండడుగుల మేర కంటే ఎక్కువ పెట్టుకోకండి.

అయితే ఆ పెళ్లి మేఘం నేల మీదే ఎందుకు పాకుతుందో గమనించారా? ఆ వాయువు మామూలు గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. కారు నేల గిన్నెలాంటిది. మనం తల వంచి పని చేసేది సరిగ్గా ఆ గిన్నెలోనే. నాలుగు తలుపులూ తీసి, వీలైతే విప్పేసి, ఆరుబయట ఫ్యాను పెట్టుకుని చేయాలి. తల తిరిగినట్టు, ఆయాసంగా అనిపిస్తే వెంటనే బయటికి రావాలి. పిల్లల్ని లోపల ఆడనివ్వకూడదు. దాన్ని ఒట్టి చేత్తో పట్టుకుంటే చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది, మందపాటి చేతితొడుగులుండాలి. తెచ్చిన థర్మోకోల్ పెట్టె మూత వదులుగా ఉంచాలి. సీసాలోనో, గట్టి మూత ఉన్న డబ్బాలోనో పెట్టి బిగిస్తే లోపలి ఒత్తిడికి అది పేలుతుంది. కొన్నది సాయంత్రానికి ఆవిరైపోయేదే, అందుకని పనంతా సిద్ధం చేసుకున్నాకే తెచ్చుకోవాలి.

నిలువుగా ఉన్న చోట, ఇంజినుకూ మనకూ మధ్య అడ్డుగోడ మీద, తలుపుల లోపల గింజలు నిలవవు. అక్కడ వేడే దిక్కు. పెట్రోలు ట్యాంకు విప్పి దూరంగా పెట్టి, పక్కన ఇసుక బక్కెట్టు ఉంచుకుని, హీట్ గన్‌తో అంచు నుంచి మెల్లగా కాస్తూ, పుట్టీ కత్తిని వాలుగా పట్టి తోసుకుంటూ పోవాలి. తారు తోలులా మెత్తబడితే చాలు. పొగ వచ్చిందంటే ఎక్కువైనట్టు, ఆ పొగ పీల్చదగింది కాదు. బ్లో ల్యాంపు మంట పెట్టేవాళ్లను చూశాను. చుట్టూ ఉన్న వైరింగు, రంగు, రబ్బరు అన్నీ పోతాయి, ఒక్కోసారి బండే పోతుంది.

షీటు పోయినా నల్లటి మరకలు మిగులుతాయి. వాటికి కిరసనాయిలో, మినరల్ టర్పెంటైనో చాలు. ముడిచమురును శుద్ధి చేయగా అడుగున మిగిలేదే ఈ తారు. నీళ్లకు, సబ్బుకు లొంగనిది పుట్టింటివాళ్లు రాగానే కరిగిపోతుంది. గుడ్డ తడిపి మరక మీద పది నిమిషాలు పరిచి ఉంచి తుడిస్తే కాఫీ డికాక్షను రంగులో దిగుతుంది. పెట్రోలు మాత్రం ఆ పనికి వాడొద్దు. తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకుండా బయట విడివిడిగా ఆరేయండి.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి. షీట్లు పగలగొట్టే ముందు వాటి మీద పాత పేపరు పరిచి, అంచుల వెంబడి పెన్సిలుతో గీసుకున్నాను. టైలరుకు ఆది జాకెట్టు ఇచ్చినట్టు, రేపు కొత్త షీటు కోసుకోవడానికి అదే కొలత. తీసిన ముక్కల్లో ఒకదాన్ని కిరసనాయిలు గుడ్డతో దుమ్ము తుడుస్తుంటే పై వైపు అంచున లేత నీలిరంగు తుంపర కనబడింది. మాకు తెలిసి ఆ బండి ఎప్పుడూ తెలుపే. పెదనాన్నగారు కొన్నప్పటికే ఎవరో రంగు మార్చి ఉంటారు. ఫ్యాక్టరీలో తారు పరిచిన తర్వాత రంగు కొట్టారు కాబట్టి ఆ తుంపర దాని మీద పడింది, పైన పరుపు కప్పడంతో ఎండ తగలక అలాగే ఉండిపోయింది. మా పెద్దమ్మ ఆ ముక్కను చేతిలో పట్టుకుని, "ఇంత మంచి రంగా దీనిది, మరి మాకు చెప్పలేదేం?" అంది, బండి తనకేదో అబద్ధం చెప్పినట్టు. ఇప్పుడది లేత నీలం.

రేకు తేలాక ఆలస్యం పనికిరాదు. మన కోస్తా గాలికి ఒట్టి ఇనుము రాత్రికి రాత్రి ఎర్రబారుతుంది. తుప్పు మచ్చలకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న మందు రాసి, కడిగి, పూర్తిగా ఆరబెట్టి, చిల్లులకు అతుకులు వేసి, అదే పూటలో ఎపాక్సీ ప్రైమరు కొట్టించాలి. అతుకుల సందులకు సీలెంటు. కొత్తగా వేసే షీటు విషయంలో దుబారా అక్కర్లేదు. ఇంటి పైకప్పు కారకుండా వేసే తారు షీట్లు చవక అని కారులో పరిచేవాళ్లున్నారు. ఎండలో నిలబెడితే బండంతా తారు కంపు, వేసవిలో అది జారుతుంది కూడా. అల్యూమినియం రేకు అంటించిన 2 మిల్లీమీటర్ల బ్యూటైల్ షీట్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. రోలరుతో గాలి లేకుండా నొక్కుతూ వేయాలి. మూల మూలకూ పరచనక్కర్లేదు. డప్పు మధ్యలోనే కదా ఎక్కువ వణికేది, ప్రతి పలక మధ్య భాగాన వేస్తే చాలావరకు మోత తగ్గుతుంది. నేలలో నీరు దిగడానికి ఉన్న రంధ్రాల మూతల్ని మాత్రం కప్పేయకండి.

జనపనార పరుపు మళ్లీ వేయాలా అంటే, నేను వేయలేదు. నీరు పీల్చని ఫోము వేశాను. అసలుసిసలుగా ఉండాలనే నా మిత్రులు కొందరు దీనికి నన్ను తిట్టారు. పడ్డాను.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పనిని నేను చివర్లో చెబుతున్నాను, నేను చేసిందీ చివర్లోనే కాబట్టి. నీరు ఎక్కడ నుంచి వస్తోందో పట్టుకోవాలి. దీనికి ఖర్చు లేదు. మ్యాట్లు తీసేసి, నేల మీదా, డ్యాష్‌బోర్డు కిందా మొహానికి రాసుకునే పౌడరు పల్చగా చల్లండి. ఇంకొకరిని పైపుతో అద్దం మీద సన్నగా నీళ్లు పోయమనండి. మీరు లోపల కూర్చుని టార్చిలైటుతో చూస్తుంటే పౌడరులో నీటి దారి స్పష్టంగా గీత గీసినట్టు కనిపిస్తుంది. మా బండిలో అది కుడివైపు కింది మూల నుంచి బయలుదేరి, క్లచ్చి పెడలు పక్కగా దిగి, సరిగ్గా నా ఉలి దిగబడిన చోటికి చేరింది.

మీ ఇంట్లోనో, మీ ఊళ్లో ఎవరి షెడ్డులోనో అలాంటి పాత బండి ఉంటే, తొలకరి పడకముందే డ్రైవరు వైపు మ్యాట్ ఎత్తి కింద చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలితే తారు జోలికి తర్వాత వెళ్లొచ్చు, ముందు అద్దం రబ్బరు మార్పించండి.